పొగకు మూలమెక్కడ?



తర్కశాస్త్రమును గురుముఖమున చదువుకొన్న వారికి మొదటి దినములలోనే ఒక కొండ ఎదురగును. ఆ కొండమీద పొగ కనబడును, నిప్పు కనబడదు. పొగ యున్నది గనుక నిప్పుండవలయునని శిష్యుడు ఊహించును. వంటయింటిలో పొయ్యిని చూచిన అనుభవము అతనికి తోడు. అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును కంఠస్థము చేసిన మావంటి వారికి ఆ కొండ, ఆ పొగ, ఆ వంటయిల్లు ఇంటి చుట్టములవలె పరిచితములు. అన్నంభట్టు తెలుగువాడగుట మా గురువుగారికి గొప్ప అభిమానము. ఐతే ఆ పాఠములో మేము తొందరపడి దాటిపోయిన మాట ఒకటి కలదు. మొదలు తెగక నేలనుండి వరుసగా లేచుచున్న పొగను చూచినప్పుడే ఆ కొండమీద నిప్పున్నదని నిశ్చయింపవచ్చునని పూర్వులు హెచ్చరించిరి. మొదలు తెగిన పొగను చూచి, ఈ కొండయే మండుచున్నదనుట దోషము. ఆవిరినో ధూళినో చూచి పొగయని భ్రమించుట మరియొక దోషము. ఈ దోషములను నేను గ్రంథమున చదివితిని, పరీక్షలో వ్రాసితిని, మార్కులు తెచ్చుకొంటిని. పిదప వానిలో మొదటిదానిని జీవితములో చేసితిని. నేటి ప్రసంగమునకు అదియే కారణము.

1985వ సంవత్సరము ఏప్రిల్ నెల. ఖమ్మం జిల్లాలో అడవి అంచునున్న ఒక గ్రామములో నేను తెలుగు పండితుడుగా చేరి అప్పటికి రెండేండ్లు. ఊరికి పడమర రెండు క్రోసుల దూరమున కొండ. ఆ కొండ మొదట పదునాలుగిండ్ల కోయగూడెము. ఆ నెలలో వరుసగా నాలుగు దినములు తెల్లవారుజామున ఊరినిండ పొగ కమ్మెను. కండ్లు మండెను. పిల్లలు దగ్గుచు బడికి వచ్చిరి. ఉబ్బసపు రోగులు మంచములు పట్టిరి. ప్రొద్దెక్కిన కొలది పొగ పలుచబడి మధ్యాహ్నమునకు మాయమగును. మరునాడు మరల కోడికూత వేళకు సిద్ధము. అది పడమటి నుండి, గూడెపు లోయ వెంట దిగివచ్చుట అందరును చూచిరి. గూడెమువారు పోడు కాల్చుచున్నారని ఊరి పెద్దలు నిశ్చయించిరి. “పంతులుగారూ, మీ చేతివ్రాత ముత్యములవలె నుండును, అర్జీ మీరే వ్రాయవలయును” అనిరి. వ్రాసితిని. చేతివ్రాతయే కాదు, శైలియు చూపించితిని. పదునొకండుగురు సంతకములు చేసిరి. నాలుగవనాటికి గూడెమునుండి ఇద్దరిని పట్టుకొనిపోయిరి. వారు ఆరు దినములు తిరిగి రాలేదు. అది ఇప్పపూవు రాలు కాలము. ఆరు దినముల పూవు ఆ రెండిండ్లవారికి దక్కలేదు. ఏ కచేరివారు కొనిపోయిరో ఆ పేరు ఇచ్చట అనావశ్యకము. అర్జీ నాది.

తక్కిన కథ చివర చెప్పెదను. అంతకుముందు పొగ యనునది ఎట్టి ప్రయాణికుడో కొంత తెలిసికొనవలయును.

కట్టెగాని ఆకుగాని పూర్తిగా కాలినచో పొగ స్వల్పము. పచ్చిది, తడిది, సగము కాలినది పొగను పుట్టించును. తార్కికులు ఈ సంగతి నెరుగుదురు. నిప్పునకు తడికట్టె తోడైనప్పుడే పొగ యని వారు చెప్పి, పొగలేని నిప్పునకు కాలిన ఇనుపగుండును ఉదాహరణముగా చూపిరి. ఈ ఇనుపగుండును జ్ఞాపకముంచుకొనుడు; మరల దానితో పనిపడును. పొగలోని నలుసులు మిక్కిలి సూక్ష్మములు. మిల్లీమీటరును వెయ్యి పాళ్లు చేసిన ఒక పాలునకు మైక్రాను అని పేరు. మన తల వెండ్రుక మందము సుమారు 50 మొదలు 70 మైక్రానులు. అడవి పొగలోని నలుసులలో అధిక భాగము 1 మైక్రానునకు లోబడియే యుండును. కావుననే అవి బండి రేపిన దుమ్మువలె గడియలో నేల వాలవు. వాన కడిగివేయువరకు, దినముల తరబడి, ఒక్కొక్కప్పుడు వారమునకు పైగా గాలిలో తేలుచుండును. ఊపిరితిత్తుల లోలోతులకు చేరునవియు అవియే.

ఇక లెక్క చూడుడు. గంటకు 10 కిలోమీటర్ల మంద మారుతము సైతము ఒక అహోరాత్రములో 240 కిలోమీటర్లు పోవును. భద్రాచలమునుండి సికింద్రాబాదునకు పక్షి యెగిరిన దారిని సుమారు 250 కిలోమీటర్లు. అనగా నిన్న ఉదయము అచ్చట పుట్టిన పొగ, గాలి అనుకూలించినచో, నేటి ఉదయము ఇచ్చట మన కిటికీలో ఉండవచ్చును. నల్లమల అంతకంటె సమీపము.

దూరమునుండి వచ్చిన పొగను పోల్చుకొనలేక మానవులు పడిన తికమకకు చరిత్రలో గొప్ప నిదర్శనములు కలవు. 1780వ సంవత్సరము మే నెల 19వ తేదీన అమెరికా ఈశాన్య ప్రాంతమున, న్యూ ఇంగ్లండు అనబడు సీమలో, పట్టపగలు చీకటి పడెను. మధ్యాహ్న భోజనమునకు దీపములు పెట్టుకొనిరి. కోళ్లు గూటికి చేరెను. ప్రళయము వచ్చినదని జనులు ప్రార్థనా మందిరములకు పరుగులెత్తిరి. కనెక్టికట్ శాసనసభలో సభ చాలింతమని కొందరనగా, ఏబ్రహాం డావెన్‌పోర్ట్ అను సభ్యుడు, ఇది ప్రళయమే యైనచో తన విధిని చేయుచుండగా రావలయునని చెప్పి, క్రొవ్వొత్తులు తెప్పింపుమనెను. ఆ ధైర్యమును కవులు పాడిరి. కాని చీకటికి కారణమేమి? అంతకు ముందు కొన్ని దినములుగా సూర్యుడు ఎఱ్ఱగా కనబడెను; వాననీటిలో మసి తేలెను; కాలిన ఆకుల వాసన వచ్చెను. ఇన్ని గుర్తులుండియు మూలము తెలియలేదు, ఏలయనగా వారి కనుచూపు మేరలో ఎచ్చటను మంట లేదు. రెండువందల యేండ్లకు పైగా గడచిన పిదప, మిస్సోరి విశ్వవిద్యాలయ పరిశోధకులు కెనడాలోని అంటారియో ప్రాంతపు ముసలి చెట్ల మానులలో సంవత్సర వలయములను లెక్కించి, వానిలో 1780 నాటి కాలిన మచ్చలను కనుగొనిరి, 2007లో ప్రకటించిరి. మంట ఒక దేశమున, చీకటి మరియొక దేశమున. చెట్టు తన దేహములో దాచుకొన్న సాక్ష్యము పట్టుబడుటకు 227 ఏండ్లు పట్టెను.

మన దక్షిణాపథమునను ఇట్టి వింత జరిగినది. అది అడవి పొగ కాదు గాని పాఠమొక్కటే. 1883 ఆగస్టు చివర జావా సమీపమున క్రాకటోవా అగ్నిపర్వతము పగిలెను. సెప్టెంబరులో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనబడెను. అచ్చటి క్రైస్తవ కళాశాలలో ఆచార్యుడైన మిచీ స్మిత్ ఆ పచ్చని సూర్యుని పరికరములతో పరీక్షించెను. ఇట్లే దేశదేశముల నుండి వచ్చిన తేదీలను, రంగులను ప్రోవుచేసి లండనులోని రాయల్ సొసైటీవారు 1888లో పెద్ద నివేదికను ప్రచురించిరి. ఏ ఊరిలో ఏ నాడు సూర్యుడు రంగు మారెనో వరుసగా పటము మీద గుర్తించగా, ఆ ధూళి భూమండలమును చుట్టివచ్చిన దారి బయటపడెను. పైగాలులు ఎట్లు వీచునో లోకము నేర్చుకొన్న తొలి పాఠములలో అదియొకటి. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క మనుష్యుడు తేదీ వేసి వ్రాసియుంచిన చిన్న కాగితములే దానికి ఆధారము.

మరల 1950 సెప్టెంబరు 26వ తేదీన స్కాట్లాండులో సూర్యుడు నీలముగా కనబడెను. ఎడింబరో నక్షత్రశాలలో రాబర్ట్ విల్సన్ ఆ కాంతిని విశ్లేషించెను. ఈ పర్యాయము మూలము తెలియుటకు శతాబ్దములు పట్టలేదు: కెనడా పశ్చిమమున ఆల్బర్టా ప్రాంతపు అడవులు మండుచుండెను, పొగ ఎత్తునకు లేచి అట్లాంటిక్ మహాసముద్రమును దాటెను. నలుసులన్నియు దాదాపు ఒకే పరిమాణమున ఉండుటచే ఎఱ్ఱని కాంతి చెదరి నీలము మిగిలినది. సామాన్యముగా పొగలో సూర్యుడు నారింజ వన్నెగానో రాగి వన్నెగానో ఉండును, నీలము అరుదు.

ఇక మన అడవులకు వత్తము. తెలంగాణమునను నల్లమలలోను తూర్పు కనుమల దిగువను ఉన్నవి అధికముగా ఆకురాల్చు అడవులు. టేకు, మద్ది, తునికి మున్నగు చెట్లు మాఘ ఫాల్గుణములలో ఆకు దులుపును. నేలమీద మోకాలి దిగువ వరకు ఎండుటాకు, దాని నడుమ ఎండుగడ్డి. ఫిబ్రవరి మొదలు తొలకరి వరకు నిప్పు కాలము. మన మంటలు కెనడా మంటలవలె చెట్ల కొనలనంటి ఉరుకునవి కావు, నేలబారున ప్రాకునవి. కావున వాని పొగ ఎక్కువ ఎత్తు లేవదు. క్రిందనే వ్యాపించి ఊళ్లను ముంచును.

నిప్పు పెట్టునది ఎవరు? తనంతట పుట్టు మంట మన యడవిలో మిక్కిలి అరుదు. దాదాపు అన్నియు మానవుని చేతివే. ఇప్పపూవు రాత్రి రాలును, తెల్లవారుజామున ఏరుకొనవలయును. ఎండుటాకులో పూవు కనబడదు గనుక చెట్టు క్రింద ఆకును తగులబెట్టుట కలదు. తునికాకు లేత చిగురు బాగుగా వచ్చునని పొదలను కాల్చుట మరియొకటి. ఈ ఆకుతో బీడీ పరిశ్రమయంతయు ముడిపడియున్నది. పశువులకు క్రొత్త గడ్డి మొలుచునని కాపరులు పెట్టు నిప్పు వేరు. దారిని పోవువాడు ఆర్పక పారవేసిన బీడీముక్క, తీర్థయాత్రికులు వండుకొని విడిచిన పొయ్యి, పొలములో కాల్చిన గడ్డినుండి గట్టు దాటిపోయిన నిప్పు ఉండనే యున్నవి. ఇన్నింటి నడుమ పోడు ఒకటి. కాని మనము అడవిలో పొగ చూడగానే నాలుకకు వచ్చు మాట పోడు మాత్రమే.

ఈ అలవాటునకు చరిత్ర కలదు. 1864లో బ్రాండిస్ దొర హిందూదేశపు అడవులకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యెను. అడవికి నిప్పు శత్రువు, నిప్పునకు కొండవాడు కారణము అను భావము ఆ శాఖతోపాటు పెరిగెను. మద్రాసు రాజధానిలో 1882 నాటి అటవీ చట్టము పోడును కట్టడి చేసెను. 1922 మొదలు 1924 వరకు మన్యములో అల్లూరి సీతారామరాజు నడపిన పితూరీకి గల కారణములలో ఈ కట్టడి యొకటి. నిజాము రాష్ట్రమునను అడవి భూముల హక్కు కొరకే గోండులు తిరుగబడగా 1940లో జోడేఘాట్ వద్ద కొమరం భీము హతుడయ్యెను. గోదావరి లోయలోని కొండరెడ్లతో కలసి నివసించిన హైమండార్ఫ్ పండితుడు 1945లో వారిపై వెలువరించిన గ్రంథమును చదివినవారు, పోడు చేయువారు అడవిని ఎరుగనివారని అనజాలరు. మరి నిప్పు అన్నిచోట్లను శత్రువా? బర్మా టేకు అడవులలో నిప్పును పూర్తిగా మాన్పుటవలన టేకు మొలకలు అణగిపోవుచున్నవని 1896లోనే స్లేడ్ అను అటవీ అధికారి వ్రాసెను. ఆ వివాదము దీర్ఘమైనది, ఇచ్చట తీరదు. పోడు వలన పొగ రాదని నేననను, వచ్చును. వచ్చిన ప్రతి పొగయు దానిది కాదనియే నా మాట.

అట్లైన ఏ పొగ ఎవరిదో తెలియుటెట్లు? ఇచ్చట మన సికింద్రాబాదు ప్రశంస రావలయును. ఈ నగరమునకు మూలములను వెదకిన కీర్తి పాతది. చలిజ్వరము చెడుగాలి వలన వచ్చునని లోకము నమ్మియుండెను. మలేరియా అను ఇటలీ మాటకు అర్థమే చెడుగాలి. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ ఇచ్చటనే, బేగంపేట చెంత, దోమ కడుపులో ఆ క్రిమిని చూచెను. గాలికి నింద తప్పెను. ఆకాశమునుండి భూమిని పరీక్షించు విద్యకును ఈ నగరమే పుట్టినిల్లయ్యెను. 1974 సెప్టెంబరులో నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ సికింద్రాబాదు ముఖ్యస్థానముగా ఏర్పడెను. 1979లో షాద్‌నగరు వద్ద భూకేంద్రమును నెలకొల్పి, అమెరికావారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహము పంపు చిత్రములను అందుకొనసాగిరి. 1988 మార్చి 17వ తేదీన మన సొంత ఐ.ఆర్.ఎస్. 1ఎ ఉపగ్రహము కక్ష్యకు చేరెను. 2008లో ఆ సంస్థ ఇస్రోలో చేరి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ అయినది.

ఉపగ్రహము నిప్పును ఎట్లు చూచును? ఇనుపగుండును జ్ఞాపకము చేసికొనుడు. కమ్మరి కొలిమిలోనుండి తీసిన ఇనుము ఎఱ్ఱదనము తగ్గి నల్లబడిన పిమ్మటను, చేయి దగ్గరకు పెట్టినచో వేడి తగులును. కంటికి కనబడని ఆ కిరణములను ప్రతి వస్తువును వెలువరించుచునే యుండును. మామూలు నేల వెలువరించు కిరణములు అధికముగా 10 మైక్రానుల పొడవు గలవి; అడవి మంటవి 4 మైక్రానుల చెంత. ఆ 4 మైక్రానుల కిరణములను మాత్రమే పట్టు కన్నును ఉపగ్రహమునకు అమర్చినచో, చల్లని నేల నడుమ మంట చీకటిలో దీపమువలె వెలుగును. 1999 డిసెంబరులో టెరా, 2002 మేలో ఆక్వా అను అమెరికా ఉపగ్రహములు మోడిస్ అను ఇట్టి కన్నుతో ఎగిరెను. దాని చూపులో ఒక గడి నిడివి 1 కిలోమీటరు. ఐనను ఆ గడిలో పావు ఎకరము మండుచున్నను చాలును, సాధారణముగా పట్టుబడును. 2011లో ఎగిరిన సువోమి ఉపగ్రహములోని కన్నునకు గడి 375 మీటర్లే. డెహ్రాడూనులోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియావారు 2004 నుండి ఈ గుర్తులను రాష్ట్ర అటవీశాఖలకు అందించుచున్నారు. పేరు నమోదు చేయించుకొన్న సామాన్యునికి సైతము సెల్‌ఫోనుకు వార్త వచ్చు ఏర్పాటు వారిది. ఈ ఉపగ్రహములు దినమునకు కొలది పర్యాయములే మన నెత్తిమీదుగా పోవును. 36,000 కిలోమీటర్ల ఎత్తున కదలనట్లుండు ఇన్‌శాట్ 3డి తరగతి ఉపగ్రహములు, 2013, 2016, 2024 సంవత్సరములలో పంపినవి, అరగంటకొక చిత్రము తీయుటకు ఏర్పడినవి. చూపు మాత్రము మొద్దు.

తార్కికుడు పొగను చూచి నిప్పును ఊహించెను. ఈ యంత్రము పొగతో నిమిత్తము లేక నిప్పునే చూచుచున్నది. కాని దీనికిని భ్రమలు కలవు. మబ్బు కప్పినచో గ్రుడ్డిది. రెండు ప్రయాణముల నడుమ వెలిగి ఆరిన మంట దానికి లేనట్లే. ఇనుప కర్మాగారపు కొలిమిని అడవి మంటయని చెప్పవచ్చును. తోట మూలలోని చిన్న నిప్పు దానికి కానరాదు. పటములో ఎఱ్ఱచుక్క లేనంత మాత్రమున నిప్పు లేదనరాదు.

నిప్పు తెలిసిన తరువాత దానిని మన పొగతో ముడివేయవలయును. ముడి గాలి చేతిలో నున్నది. నేలమీది గాలి ఒక దిక్కునకు, వేయి మీటర్ల ఎత్తున గాలి మరియొక దిక్కునకు పోవుట నిత్యానుభవము. గాలిపటము ఎగురవేసిన పిల్లవానికిని తెలియును. అందుకే వాతావరణ శాఖవారు బెలూనులను వదలి పైగాలులను కొలుతురు. ఆ కొలతలను, తక్కిన లెక్కలను కూర్చి, నేడు మన ఊరిపై నున్న గాలి నిన్న ఎచ్చట, మొన్న ఎచ్చట నుండెనో వెనుకకు నడిపించి పటము గీయు విధానము ఏర్పడినది. ఆ వెనుకటి గీత మీద మంట చుక్కలు పడినచో అనుమానము బలపడును; పడనిచో మరియొకని వెదకవలయును.

ఇంతకంటెను సూక్ష్మమైన పరీక్ష ఒకటి నన్ను ముగ్ధుని చేసినది. 1999లో ఆచార్య రామనాథన్ మొదలగువారు హిందూ మహాసముద్రముపై ఓడలు, విమానములు పంపి, శీతకాలమున ఉపఖండమునుండి సముద్రముమీదికి సాగు గోధుమ వన్నె పొగతెరను కొలిచిరి. అది కట్టె పొగయా, బొగ్గు డీజిలుల పొగయా అను తగవు చాల కాలము సాగెను. బ్రతికిన చెట్టులో కార్బన్ 14 అను అణువు కొంచెముండును. కోట్ల యేండ్లు భూమిలో నున్న బొగ్గులోను చమురులోను అది నశించియుండును. మసిని పట్టి ఆ అణువును లెక్కించినచో దాని కులగోత్రములు తెలియును. పూణె సమీపమున సింహగడములోను మాల్దీవులలోను పట్టిన నలుసులను ఇట్లు పరీక్షించి, వానిలోని కార్బనులో సుమారు మూడింట రెండు పాళ్లు కట్టె, పిడక, పంట చెత్త మొదలగు వాని పొగయని 2009లో ప్రకటించిరి. అడవి ఒక్కటే కాదు, మన పొయ్యిలు, మన గడ్డివాములును అందున్నవి. వరి కోసిన వెంటనే గడ్డిని చేనిలోనే తగులబెట్టు రైతులు మన గ్రామములలోను కలరు. ఆ పొగను ఏ కొండవానిపై వేయుదుము?

యంత్రములు దగ్గర లేని వారు చేయదగినదియు కలదు. ఉదయము పొగవలె కనబడినది మంచైనచో వాసన యుండదు, ఎండకు విరియును, ఆకుపై తడి నిలుచును. ధూళియైనచో సూర్యుడు పాలిపోయి తెల్లబారును, అరుగుమీద వ్రేలితో గీసిన గీత పడును. పొగయైనచో కంటికి మంట, సూర్యునికి రాగివన్నె. నల్లని కారుపొగ టైర్లదో నూనెదో గాని ఆకుది కాదు. పిమ్మట తేదీ, వేళ, గాలి దిక్కు, పైన మబ్బు పోవు దిక్కు వ్రాసికొనవలయును. ఉదయమొక్కటి చాలదు, రాత్రి నేల చల్లబడుటచే దానినంటిన గాలి బరువెక్కి కదలక, పైన మూత పెట్టినట్లుండి, ఎప్పటి పొగనో పట్టియుంచును. మధ్యాహ్నము, సాయంకాలము సైతము చూడవలయును. పది కోసుల ఎడముననున్న చుట్టమునకు ఫోను చేసి మీకు ఎప్పుడు కనబడెనని అడుగుట మిక్కిలి మేలు. ముందు వారికి కనబడి పిదప మనకు కనబడినచో దారి తెలిసినట్లే. నేనిప్పుడు వేసవి ఉదయములలో మౌలాలి గుట్ట వైపు చూచి నోటుపుస్తకములో వ్రాయుచుందును. అందు సగము దినములు ఈ నగరపు సొంత చెత్తకుప్పల పొగయే. మోటారు బండ్ల సంగతి చెప్పనక్కరలేదు.

ఇక మిగిలిన కథ. పట్టుబడిన ఇద్దరును విడుదలై వచ్చిన మరునాడు గూడెపు పెద్ద మా బడికి వచ్చెను. తిట్టునేమోయని భయపడితిని. “పంతులూ, ఒకపారి కొండకు రా” అనెను. అంతే. ఆదివారము పోయితిని. మొదట తన పోడు చూపెను. కొట్టిన కొమ్మలు కొట్టినట్లే పడియున్నవి. ఆకు ఎండినది గాని నిప్పు తగులలేదు. “ఇంకా నెల పడుతది, వానకు ముందు కాలుస్తం” అనెను. పక్కనున్న మూడు పోళ్లును అట్లే యుండెను. అచ్చటనుండి కొండ కొనకు ఎక్కించెను. అవతలి వైపు చూచితిని. కనుచూపు మేర నేల నల్లగా మాడియున్నది. అది తునికాకు కోసము ఎవరో పెట్టిన నిప్పు. గూడెమువారి సరిహద్దు కాదు. పగలు గాలి లోయనుండి కొండకెక్కును గనుక ఆ పొగ పైకి పోయినది. రాత్రి చల్లగాలి కొండనుండి లోయకు దిగును గనుక అదే పొగ కొన దాటి, గూడెము నెత్తిమీదుగా, తెల్లవారుజామునకు మా ఊరికి దిగినది. మాకంటె ముందు వారి పిల్లలే దగ్గిరి. మేము చూచినది గూడెము మీదుగా వచ్చిన పొగ. అర్జీలో వ్రాసినది గూడెమునుండి వచ్చిన పొగ. మొదలు తెగిన పొగ.

తిరిగి వచ్చి రెండవ అర్జీ వ్రాసితిని. మొదటిదానిలోని సంగతి పొరపాటని, చూచినది చూచినట్లు తెల్పితిని. ఊరి పెద్దలు చదివి, “అయిపోయినదానికి ఇప్పుడెందుకండీ” అని కాగితము తిరిగి నా చేతికిచ్చిరి. పదునొకండు సంతకములలో ఒక్కటియు పడలేదు. నా సంతకముతోనే పంపితిని. జాబు రాలేదు.

మే నెల నడిమిలో గూడెపు పెద్ద కబురు పంపెను. పోడు కాల్చుచున్నారు, చూడుమని. పోయితిని. కొట్టిన మేర చుట్టును ఆకు ఊడ్చి బాటవలె చేసియుంచిరి. మధ్యాహ్నపు వడగాలి తగ్గువరకు చెట్టు నీడన కూర్చుండిరి. ఒకడు పొడి మన్ను గుప్పిట తీసి జారవిడిచి గాలి చూచెను; మరికొంతసేపు ఆగుమనిరి. ప్రొద్దు వాలిన పిమ్మట పై అంచున అంటించిరి; నిప్పు మెల్లగా క్రిందికి దిగెను. పచ్చికొమ్మలతో నలుగురు నాలుగు మూలల నిలిచిరి. పొగ నిట్టనిలువుగా లేచి, చెట్ల కొనలు దాటిన తరువాత తూర్పునకు వంగెను. ఆ రాత్రి దానిలో కొంత మా ఊరికి వచ్చియుండవచ్చును. చీకటి పడునప్పటికి నిప్పు కుంపటివలె మిణుకుచుండెను. నేను వేళ వ్రాసికొంటిని: ఆరుగంటల పది నిమిషములకు మొదలు, ఏడున్నరకు ఆఖరు.